నాకెందుకు అన్నాను

మా కాలేజీలో కౌన్సెలింగ్ సెల్ బాధ్యత నాకు అప్పగించడానికి ప్రిన్సిపాల్‌గారు చెప్పిన కారణం ఒక్కటే. "మీరు ఆడవారు కదండీ, ఓర్పు ఉంటుంది." స్టాఫ్ రూమ్‌లో నా ఓర్పు సంగతి తెలిసినవాళ్ళు తలలు దించుకుని నవ్వుకున్నారు. నేను అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. పద్దెనిమిదేళ్ళుగా ఆకులు, వేర్లు, పువ్వులు, ఇదే నా పని. మూడు రోజుల శిక్షణకు కాకినాడ పంపించి, ఒక ఫైలూ ఒక సర్టిఫికెట్టూ చేతిలో పెట్టి, ఇకనుంచి పిల్లల మనసుల సంగతి కూడా చూసుకోమన్నారు.

గది కూడా అలాంటిదే ఇచ్చారు. అమ్మాయిల వెయిటింగ్ రూమ్ పక్కన, అంతకుముందు ఆటసామాన్లు పెట్టుకున్న గది. అందులోకి రావాలంటే వెయిటింగ్ రూమ్ వరండాలోంచే రావాలి. మధ్యాహ్నం అక్కడ ముప్ఫై నలభై మంది అమ్మాయిలు బెంచీల మీద క్యారేజీలు విప్పుకుని కూర్చుంటారు. వాళ్ళందరి ముందునుంచీ నడిచి, ఎర్రరంగుతో 'కౌన్సెలింగ్ సెల్' అని రాసిన తలుపు తోసుకుని లోపలికి వచ్చే మగపిల్లవాడు ఈ కోనసీమలో ఇంకా పుట్టలేదు. ఆ మాటే ప్రిన్సిపాల్‌గారితో అన్నాను. "మగపిల్లలకి ఇలాంటి అవసరాలేం ఉంటాయండి. ఏమైనా ఉంటే గ్రౌండులో చూసుకుంటారు" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. నిజంగానే అలా అనుకున్నారు.

మొదటి ఏడాది ఆ గదికి ఇద్దరే మగపిల్లలు వచ్చారు. ఒకడు వాలీబాల్ ఉందా అని అడిగాడు. రెండోవాడు గాలి కొట్టే పంపు అడిగాడు.

అమ్మాయిలు వచ్చేవారు. ఎప్పుడూ ఇద్దరేసి. తోడొచ్చిన పిల్ల బయట కాపలా ఉండేది. లోపలికి వచ్చిన పిల్ల మొదటి మాట ఒక్కటే: "మా ఇంట్లో చెప్పరు కదాండి?" ఆ తర్వాత ఏడ్చేవారు. ఏడవడానికి వాళ్ళకి ఇబ్బంది లేదు, డాక్టరు అనగానే మాత్రం కళ్ళు తుడుచుకుని లేచిపోయేవారు. పి.గన్నవరం నుంచి వచ్చే ఒక పిల్ల నెల రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదని తెలిసి, వాళ్ళమ్మగారిని పిలిపించి, రాజమండ్రిలో మానసిక వైద్యుడికి చూపించమన్నాను. ఆవిడ లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"పెళ్ళి కావలసిన పిల్లండి. మీకు దణ్ణం పెడతాను, ఆ డాక్టరు మాట ఇంకెక్కడా అనకండి."

మర్నాటి నుంచి ఆ పిల్ల నా క్లాసులో చివరి బెంచీకి మారిపోయింది. నాకు ఆ తల్లి మీద కోపం రావాలి. రాలేదు. ఆవిడ చేసిన పనే నేను నాలుగేళ్ళుగా చేస్తున్నాను.

నాకు డిగ్రీ చదివే రోజుల్లోనే మొదలైంది. హాస్టల్లో పొద్దున్నే లేవబుద్ధి అయ్యేది కాదు. తల దువ్వుకోవడం కూడా కొండంత పనిగా ఉండేది. వార్డెన్‌గారు ఒకరోజు నా మంచం పక్కన కూర్చుని, పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి అన్నారు. పెళ్ళయింది. సర్దుకోలేదు. ఉద్యోగం వచ్చింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, అప్పుడూ సర్దుకోలేదు. నాలుగేళ్ళ కిందట క్లాసులో బోర్డు మీద బొమ్మ సగం గీసి, మిగతా సగం ఏమిటో గుర్తురాక, చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత మానేశారు. ఆ వారమే మావారు నన్ను విజయవాడ తీసుకెళ్ళారు. రాజమండ్రిలోనూ మంచి డాక్టర్లున్నారు, కానీ అక్కడ బయట బల్లల మీద మనవాళ్ళే కనిపిస్తారు.

మందులు పనిచేశాయి. రెండు నెలలకి నిద్ర పట్టింది, ఆరు నెలలకి నవ్వొచ్చింది. ఈ సంగతి నాకూ మావారికీ తప్ప ఎవరికీ తెలియదు. స్టాఫ్ రూమ్‌లో మాత్ర వేసుకుంటుంటే ఎవరైనా చూస్తే థైరాయిడ్ అనేదాన్ని. థైరాయిడ్‌కి మా ఊళ్ళో మర్యాద ఉంది. అత్తగారికీ అదే చెప్పాం. మా నాన్నగారు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, చర్చిలో పెద్ద. ఆయనకి తెలిస్తే ఆదివారం ఆరాధనలో నా పేరు చదివి ప్రార్థన చేయిస్తారు. ప్రార్థన అంటే నాకు భయం లేదు. రెండువందల మంది నా పేరు విని వెనక్కి తిరిగి చూడటమే నా భయం.

ఇలాంటి మనిషిని ఆ గదిలో కూర్చోబెట్టారు, సిగ్గుపడకండమ్మా అని పిల్లలకి చెప్పడానికి.

తర్వాత ఒక కుర్రాడు వచ్చాడు, ఆ గదికి కాదు. ల్యాబుకి వచ్చాడు. రెండో సంవత్సరం, బి.జడ్.సి., సఖినేటిపల్లి నుంచి రోజూ రాజోలు మీదుగా బస్సులో వచ్చేవాడు. తండ్రి సఖినేటిపల్లి రేవులో పంటు మీద పని చేస్తాడు. పంటు అంటే మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ ఎక్కించుకుని వశిష్ఠ గోదావరి దాటించి నరసాపురంలో దింపే బల్లకట్టు పడవ. తల్లి ఆరేళ్ళుగా కువైట్‌లో ఒకరింట్లో వంటపని. క్లాసులో నోరెత్తే రకం కాదు. రికార్డు మాత్రం శుభ్రంగా రాసేవాడు.

మా దగ్గర బోటనీ పిల్లలు వారానికో బొమ్మ రికార్డు పుస్తకంలో వేసి సంతకం చేయించుకోవాలి. మగపిల్లలందరూ నెలాఖరున పదేసి బొమ్మలు ఒకేసారి తెచ్చి, అర్జంటండి మేడమ్ అని మీద పడతారు. ఇతను మాత్రం ఒక్క బొమ్మ తెచ్చేవాడు. సంతకం పెట్టేదాన్ని. రెండు రోజులకి మళ్ళీ అదే బొమ్మ తెచ్చేవాడు.

"దీనికి మొన్నే పెట్టేశాను కదయ్యా?"

"అది బాగా రాలేదండి. మళ్ళీ వేసేనండి."

బొమ్మ రెండుసార్లూ ఒకేలా ఉండేది. ఆకు అడుగున ఉండే పత్రరంధ్రాలు. నాలుగోసారి తెచ్చినప్పుడు విసుక్కున్నాను, నాకేం పనిలేదనుకున్నావా అన్నాను. "ఆయ్, సారీ అండి" అన్నాడు కానీ కదల్లేదు. పుస్తకం మూసి గుండెకి ఆనించుకుని బల్ల పక్కనే నిలబడ్డాడు. అతనికి కావలసింది సంతకం కాదని నాకు మూడో వారానికి గానీ వెలగలేదు. పైగా కౌన్సెలర్ని.

ఆ రోజు ప్రాక్టికల్స్ అయిపోయి అందరూ వెళ్ళిపోయాక, స్లైడ్లు కడిగిపెట్టే పని చెప్పి ఆపాను. పనిలో ఉంటే మాట వస్తుందనుకున్నాను. వచ్చింది.

"ఏం తోచట్లేదండి. రాత్రులు నిద్ర పట్టదండి. బస్సులో ఊరికే ఏడుపొస్తాదండి. అందుకే నల్లకళ్ళజోడు కొనుక్కున్నానండి."

ఆ కళ్ళజోడు నేనూ చూశాను. తోటివాళ్ళు దాన్ని చూసి హీరో అని ఏడిపించేవారు. నేనూ ఒకసారి క్లాసులో, "హీరోగారూ, జోడు తీస్తే పాఠం కనిపిస్తుంది" అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ మాట గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది.

"ఇంట్లో ఎవరికైనా చెప్పావా?"

"మా అమ్మకి ఫోన్లో చెప్పేనండి. మగోడివి, నువ్వే ఏడిస్తే నేనిక్కడ ఎలా ఉండేదిరా అందండి. తనూ ఏడ్చేసిందండి. ఇంక చెప్పడం మానేసేనండి. మా నాన్నకి చెప్తే ఆడపిల్లలా తయారయ్యేవేంట్రా అంటాడండి."

"బతకాలని లేదా?" అని సూటిగా అడిగాను. అలా సూటిగా అడగాలని శిక్షణలో చెప్పారు. అతను స్లైడు తుడుస్తూ, "ఒక్కోసారండి" అన్నాడు. ఆ మాటని అతను బస్సు టైము చెప్పినంత మామూలుగా అన్నాడు. అతని చేతిలోని స్లైడు తీసుకుని పక్కన పెట్టాను.

ఒక మనిషి ప్రాణం నా చేతిలో పెట్టినట్టే అనిపించింది. ఆ సాయంత్రమే రాజమండ్రిలో ఒక డాక్టరుగారితో మాట్లాడాను. గురువారం తీసుకురమ్మన్నారు. మర్నాడు ల్యాబులోనే అతనికి చెప్పాను. నేనే తోడొస్తాను, కాలేజీ పని అని చెబుదాం, ఎవరికీ తెలియదు, గంటలో అయిపోతుంది అన్నాను. జ్వరం లాంటిదే, మందుంటుంది అన్నాను. అతను చాలాసేపు విన్నాడు. ఒప్పుకుంటున్నాడని ముఖంలో తెలుస్తోంది. అప్పుడు అడిగాడు.

"మీరెప్పుడైనా వెళ్ళేరాండి, అలాంటి డాక్టరు కాడికి?"

తలుపు దగ్గర అటెండరు నేల తుడుస్తోంది. పక్కబల్ల దగ్గర జువాలజీ మేడమ్‌గారు పేపర్లు దిద్దుకుంటున్నారు. అతను అడిగింది మెల్లగానే, వాళ్ళు విన్నారో లేదో కూడా నాకు తెలియదు. ఇదంతా తర్వాత నేను కూడగట్టుకున్న సాకు. అసలు ఆలోచించే వ్యవధే తీసుకోలేదు నేను. నోరు దానంతట అదే చెప్పేసింది.

"నేనా? లేదు. నాకెందుకు?"

లేదు అని ఊరుకున్నా పోయేది. నాకెందుకు అన్నాను. ఆ రెండో ముక్కలో అంతా ఉంది. నాలాంటివాళ్ళు వెళ్ళరు, నీలాంటివాళ్ళు వెళతారు అని. అతను తల ఊపాడు. "ఆయ్, అదేనండి" అన్నాడు. రికార్డు పుస్తకం తీసుకుని, గురువారం వస్తానండి అని వెళ్ళిపోయాడు.

గురువారం అమలాపురం బస్టాండులో తొమ్మిదింటి నుంచి నిలబడ్డాను. రావులపాలెం వైపు మూడు బస్సులు నా ముందే వెళ్ళిపోయాయి. పదకొండున్నరకి కాలేజీకి వచ్చి పాఠం చెప్పుకున్నాను. శుక్రవారం అతను క్లాసుకి రాలేదు. ఆ తర్వాత వారమూ రాలేదు. హాజరు పట్టీలో అతని పేరు పిలిచినప్పుడల్లా ఎవరో ఒకడు, "హీరో షూటింగుకెళ్ళేడండి" అనేవాడు. ఒకరోజు అలా అన్నవాణ్ణి లేపి బయటికి పంపేశాను. క్లాసంతా నన్ను వింతగా చూసింది.

వెంటనే వాళ్ళ ఊరు వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. ప్రాక్టికల్ పరీక్షలున్నాయని చెప్పుకున్నాను. నిజానికి అతని ముఖం చూడాలంటే భయం. ఐదు వారాలు పోయాక, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఫ్రెండింటికి అని చెప్పి రాజోలు బస్సెక్కాను.

సఖినేటిపల్లి రేవులో అడిగితే తండ్రిని చూపించారు. నల్లగా, గట్టిగా, నెత్తికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. కాలేజీ మేడమ్‌ని అనగానే తువ్వాలు తీసేశాడు.

"మీరు రావడమేంటండి, కబురెడితే మేమే వద్దుం కదండీ. చదువు ఒంటికి పట్టలేదండి మావోడికి. మగపిల్లోడు కదండీ, పనిలో పడితే అదే సర్దుకుంటాదని పంటు మీద ఎట్టేసేనండి."

సర్దుకుంటుంది అన్న మాట నేను ఎక్కడో విన్నదే. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని ప్రయత్నించాను. ఆయన కూల్‌డ్రింకు తెప్పించి, మూత తనే తీసి, సీసా మూతి తువ్వాలుతో తుడిచి ఇచ్చాడు. అలాంటి మనిషితో ఏం పోట్లాడను. నా ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఆయనకిచ్చాను. కొడుక్కి ఆ నంబరు నేను ఎప్పుడూ ఇవ్వలేదు. అమ్మాయిలకైతే ఇస్తాం, మగపిల్లలకి లేడీ లెక్చరర్లు నంబరివ్వకూడదని మా స్టాఫ్ రూమ్ పద్ధతి.

పంటు ఒడ్డుకి వచ్చింది. కుర్రాడు తాడు విసిరి గుంజకి చుట్టాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి చేతులు పంట్లానికి తుడుచుకుని నమస్కారం పెట్టాడు. నేనూ పంటెక్కాను, అవతల నరసాపురంలో నాకే పనీ లేకపోయినా. నది మధ్యకి వచ్చాక, ఇంజిను మోతలో పక్కవాళ్ళకి వినిపించదని ధైర్యం వచ్చాక, చెప్పాను. ఆ రోజు అబద్ధమాడానని చెప్పాను. నాలుగేళ్ళుగా విజయవాడలో డాక్టరు దగ్గరికి వెళుతున్నానని, మందులు వేసుకుంటున్నానని, నీలాగే నాకూ బతుకు మీద విరక్తి పుట్టిన రోజులున్నాయని చెప్పాను. నా జన్మలో ఆ మాటలు మావారికీ డాక్టరుకీ కాక ఇంకొకరికి చెప్పడం అదే మొదలు. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఏడ్చాను.

అతను కంగారుపడి అటూ ఇటూ చూశాడు. నన్ను ఎవరైనా చూస్తారేమోనని నాకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇప్పుడు నిద్ర పడతాందాండి మీకు?"

"పడుతోంది."

"అయితే మంచిదేనండి." నీళ్ళకేసి తిరిగాడు. "మీరు ఆడోళ్ళు కదండీ. మీకు ఫర్లేదండి."

ఆడదాన్ని కాబట్టే నాలుగేళ్ళు మందుల సంగతి దాచుకున్నానని, పి.గన్నవరం పిల్ల తల్లి నా చేతులు పట్టుకుందని అతనికి ఎలా చెప్పను? ఏడ్చే హక్కు ఆడవాళ్ళకుందని మగపిల్లలు అనుకుంటున్నారు. ఎక్కడికైనా వెళ్ళగలిగే హక్కు వాళ్ళకుందని మా అమ్మాయిలు అనుకుంటున్నారు. వెళ్ళవలసిన చోటికి మాత్రం ఇద్దరిలో ఎవరూ వెళ్ళడం లేదు. నేను ఇవన్నీ అనుకుంటూ కూర్చున్నాను గానీ, నోటితో అన్నది, "ఒక్కసారి రా నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటాను" అని మాత్రమే. అతను సిగ్గుపడిపోయాడు. "అలా అనకండి మేడమ్. చూద్దాం లెండి" అన్నాడు. పంటు ఆగింది. తాడు పట్టుకుని దూకాడు. అదే పంటులో వెనక్కి వచ్చాను. తిరుగు ప్రయాణంలో అతను అవతలి కొసన ఉండిపోయాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక సోమవారం సాయంత్రం తండ్రి ఫోన్ చేశాడు.

"మేడమ్ గారండీ, మావోడు మీ కాడే ఉన్నాడాండి?"

"లేడే. ఎందుకండి?"

"శనారం పొద్దుటే మీ కాడికని బయల్దేరేడండి. మేడమ్ గారితో డాక్టరు కాడికెళ్తానన్నాడండి. ఒంట్లో ఏంట్రా అంటే వచ్చేక చెప్తానన్నాడండి. నేనే బస్సెక్కించేనండి."

మర్నాడు పొద్దున్నే కాలేజీలో అటెండర్ని అడిగాను.

"ఆయ్, వచ్చేడండి. మన గది ముందే కూర్చున్నాడండి, అమ్మాయిల బెంచీ మీద. అబ్బాయిలు ఇక్కడ కూర్చోకూడదంటే, మేడమ్ గారికోసమండి అన్నాడండి. మేడమ్ గారు పెళ్ళికెళ్ళేరు, సోమారం రమ్మన్నానండి. అయినా మధ్యాహ్నం బెల్లు దాకా అలాగే ఉన్నాడండి. ఆడపిల్లలు నవ్వుతుంటే లేచెళ్ళిపోయేడండి."

ఆ వరండాలో, వాళ్ళందరి ముందునుంచీ నడిచి వచ్చాడు. ఆ శనివారం నేను విజయవాడలో నా డాక్టరు గది బయట కూర్చుని ఉన్నాను. సెలవు చీటీలో దగ్గరి బంధువుల పెళ్ళి అని రాసి వెళ్ళాను.

పోలీసు కేసు పెట్టారు. నేను పెళ్ళికి వెళ్ళానని అటెండరు కుర్రాడి తండ్రికీ పోలీసులకీ చెప్పింది. ఆ శనివారం సాయంత్రం రావులపాలెంలో, అరటిగెలల లారీలు ఆగే చోట అతన్ని చూశానని ఒకతను చెప్పాడు. ఎటు వెళ్ళాడో అతనికి తెలియదు. తల్లి కువైట్ నుంచి వచ్చింది. రేవులో కూర్చుంటోందట, ఎవరు పిలిచినా లేవడం లేదట. ఏడు నెలలైంది. అతను ఎక్కడో బతికి ఉన్నాడని నేను అనుకుంటాను. కొన్ని రోజులు అది కూడా అనుకోలేను. కాలేజీలో ఆ గది తలుపు తెరుస్తాను, బెంచీల వైపు చూడకుండా లోపలికి వెళతాను, వచ్చిన పిల్లలకి సిగ్గుపడకండమ్మా అని చెబుతాను. నా మాట నాకే రోతగా ఉంటుంది.

తండ్రి వారం వారం ఫోన్ చేస్తాడు. నా దగ్గర కొత్త కబురేమీ ఉండదు, ఆయన దగ్గరా ఉండదు. అయినా ఉన్నపళంగా ఫోన్ పెట్టేయడం ఆయనకి మర్యాద కాదు. పిల్లలు బాగున్నారా, వర్షాలెలా ఉన్నాయి అని అడుగుతాడు. మొన్న కూడా అవన్నీ అయ్యాక, ఇంకేం మాట్లాడాలో తోచక కాబోలు, అడిగాడు.

"ఆ రోజు మీరెళ్ళిన పెళ్ళి బాగా జరిగిందాండి?"

"ఆయ్, బాగా జరిగిందండి" అన్నాను.